విడుదల రోజు నుంచి వెనక్కి లెక్క: జైల్లో ఉన్నవారికి చదువు, పని దారి చూపించడం ఎలా

మొదటిసారి సెంట్రల్ జైలుకి పాఠం చెప్పడానికి వెళ్లినప్పుడు నా సంచిలో ఇరవై స్పైరల్ నోట్‌బుక్కులున్నాయి. గేటు దగ్గర వార్డరు ఒక్కొక్కటీ తిప్పి చూసి, తీగ ఉన్నవి లోపలికి పోవన్నాడు. ఆయన తప్పేం లేదు, ముందే అడిగి తెలుసుకోవాల్సింది నేనే. ఆ రోజు వట్టి చేతులతో కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. నేను తయారుచేసుకెళ్లిన పాఠం ఎవరికీ అక్కర్లేదని అప్పుడే తెలిసింది. అటు తిప్పి ఇటు తిప్పి అందరూ అడిగింది ఒక్కటే: “బయటికెళ్లాక ఏం చెయ్యాలి సార్?”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు రిటైరైన టీచరు కావచ్చు, లెక్చరర్ కావచ్చు, పేదలకి ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరు (లాయరు కాకపోయినా న్యాయ సహాయంలో తోడ్పడే మనిషి) కావచ్చు, ఏదైనా పని నేర్పే మేస్త్రీ కావచ్చు, లోపలున్న మనిషి తాలూకు అన్నో అక్కో కావచ్చు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదీ: జైల్లో చెప్పే సలహా విడుదల రోజు దగ్గర మొదలై వెనక్కి నడవాలి. గేటు బయట మొదటి మూడు నెలలు ఎలా గడుస్తాయో ముందు చూసుకుని, దానికి ఈరోజు ఏం కావాలో తేల్చాలి. “నీ లక్ష్యం ఏమిటి” అని మొదలుపెడితే మాటలు బాగుంటాయి, పని జరగదు.

మొదటి మెట్టు: గేటు దాటడం

అర్జీ జైలు సూపరింటెండెంట్ పేరున రాయండి. ఎన్ని వారాలు, వారంలో ఏ రోజులు, ఏ వేళ, ఎంతమందికి, ఏం చెప్తారు, మీతో ఎవరెవరు వస్తారు అనేవి ఒక్క పేజీలో ఉండాలి. గుర్తింపు కార్డుల నకళ్లు జతచేయండి. ఒంటరిగా వెళ్లేకంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారానో, సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానో, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ద్వారానో వెళ్తే అనుమతి త్వరగా వస్తుంది. అధికారి బదిలీ అయినా కార్యక్రమం ఆగిపోదు. ఏం తీసుకెళ్లొచ్చో, ఏం కూడదో జాబితా ముందే అడిగి తీసుకోండి. ఫోను, డబ్బు, బ్లేడు, జామెట్రీ బాక్సులోని ములుకులు బయటే ఉంచాలి. కుట్టు నోటుపుస్తకాలు, మామూలు పెన్సిళ్లు చాలు.

జైల్లో రోజు పెందలాడే మొదలై పెందలాడే ముగుస్తుంది. సాయంత్రం ఖైదీల తలల లెక్క అయ్యాక బ్యారక్‌లకి తాళాలు పడతాయి. ములాఖత్ (ఇంటివాళ్లు వచ్చి కలిసే) వేళల్లో, ఖైదీలను కోర్టుకి తీసుకెళ్లే పోలీసు ఎస్కార్ట్ బయల్దేరే వేళల్లో క్లాసు పెడితే సగంమంది రారు. పోయిన వారం చెప్పిన పాఠానికి ఈ వారం కొత్త ముఖాలు కనిపిస్తాయి. అందుకని ప్రతి క్లాసూ ఆ రోజుకి ఆ రోజే పూర్తయ్యేలా ఉండాలి.

మూడు కట్టుబాట్లు తప్పొద్దు. లోపలి నుంచి చీటీగానీ కబురుగానీ మోయొద్దు, బయటి నుంచి డబ్బు తేవొద్దు. మంచితనానికి పోయి ఒక్కసారి చేసినా మీతోపాటు మీ తర్వాత రావాల్సినవాళ్లకీ గేటు మూసుకుపోతుంది. బెయిల్ గురించి, శిక్ష తగ్గింపు గురించి ఎంత బతిమాలినా మాటివ్వొద్దు. ఇక మూడోది, ఏం కేసు అని అడగొద్దు. ఆయనే చెప్తే వినండి. ఏ సెక్షనో తెలిశాక మన కళ్లు మారతాయి. ఆ మార్పు అవతలి మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

పిలుపు కూడా ముఖ్యమే. లోపల రోజంతా నంబరుతోనో “ఏయ్” అనో పిలిపించుకునే మనిషిని పేరుపెట్టి, “అన్నా” అనో “అక్కా” అనో, “మీరు” అనో పిలవండి. ఇరవై ఏళ్ల కుర్రాడినైనా సరే, కనీసం మొదటి నెల “మీరు” అనే అనండి.

రెండో మెట్టు: చేతిలో ఎంతకాలం ఉందో తెలుసుకోవడం

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నూటికి డెబ్భై ఐదుగురికి పైగా, ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. మనం వేసే ప్రణాళికలన్నీ ఈ ఒక్క లెక్క మీద ఆధారపడాలి. ఏడాది కోర్సు పెట్టి, దానికి రిమాండ్ ఖైదీలను కూర్చోబెడితే మూడో వారానికి సగంమంది బెయిల్ మీద వెళ్లిపోతారు. వెళ్లిపోవడం మంచిదే, మన కోర్సు మాత్రం ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

నేను మనుషుల్ని కాలాన్నిబట్టి మూడు గుంపులుగా చూస్తాను. రేపో మాపో వెళ్లే రిమాండ్ ఖైదీకి రెండు మూడు గంటల్లో అయిపోయే సాయం కావాలి: కాగితాలు సరిచూడటం, బయట ఎవరిని కలవాలో రాసివ్వడం. ఆరు నెలల నుంచి మూడేళ్లు ఉండేవారికి ఓపెన్ స్కూలు (రోజూ బడికి వెళ్లకుండా సొంతంగా చదివి పరీక్ష రాసే పద్ధతి) గానీ ఒక చేతిపని గానీ నప్పుతుంది. జీవిత ఖైదు పడ్డవారికి డిగ్రీ చెయ్యడానికి వ్యవధి ఉంటుంది. వాళ్లే తర్వాత బ్యారక్‌లో మీకు సహాయ ఉపాధ్యాయులవుతారు. నా క్లాసు ఇన్నేళ్లు నిలబడిందంటే అలాంటి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల వల్లే.

విచారణ ఖైదీల విషయంలో ఒక చట్టం మాట తెలిసుండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి, తన మీదున్న నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బాండు మీద విడుదలకు అర్హుడు. మిగతావారికి అది సగం. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవారికీ చిక్కే. గడువు పూర్తయ్యాక కోర్టుకి రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ది. మీరు లాయరు కాకపోతే లెక్కలు కట్టి చెప్పొద్దు, ఆ పేరు రాసి జైల్లోని న్యాయ సహాయ కేంద్రానికి ఇవ్వండి. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. బయటున్న కుటుంబం న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

మూడో మెట్టు: “నాకేం రాదు సార్” అన్న మాటని విప్పడం

తొందరపడకుండా చెయ్యాల్సిన పని ఇదే. నలభై దాటిన ఒకాయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని, మొదటి పది నిమిషాలూ నేలమీదే చూపు పెట్టుకుని అదే మాట అన్నాడు: “నాకేం రాదు సార్. చదువుకోలేదు.” లక్ష్యం, ఆసక్తి, నైపుణ్యం లాంటి మాటలు ఆయన దగ్గర పనిచేయవు. అందుకని రోజు గురించి అడిగాను. పొద్దున ఎన్నింటికి లేచేవారు? ఎక్కడికి వెళ్లేవారు? ముందుగా చేతిలోకి ఏం తీసుకునేవారు?

చెప్పుకుంటూ వచ్చాడు. మండల కేంద్రంలో ఒక మోటారు వైండింగ్ షాపులో పన్నెండేళ్లు హెల్పరు. ఎండాకాలంలో రైతులు కాలిపోయిన బోరు మోటార్లు ట్రాలీ ఆటోల్లో తెచ్చి వరసగా పడేస్తారు. ఈయన మూత విప్పి వాసన చూసి, కాలింది తీగేనా, లేక బేరింగు పట్టేసిందా చెప్పేస్తాడట. కాలిన తీగ పీకడం, గాళ్లు శుభ్రం చెయ్యడం, కాయిల్ చుట్టడం, వార్నిష్ పొయ్యడం అన్నీ వచ్చు. “మరి మేస్త్రీ ఎందుకు కాలేదు?” అన్నాను. కాసేపు ఆగి చెప్పాడు: “ఏ మోటారుకి ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, అదంతా మేస్త్రీ బుక్కులో రాసి ఉంటది సార్. నాకు రాయరాదు.”

ఆయనకి ఏం నేర్పాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అక్షరాలు, అంకెలు, ఒక పట్టిక. అంతే.

మీరూ ఈ తీరులోనే అడగండి. ఏ పనిలో మిమ్మల్ని ఎదుటివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు? ఏ పనికి కూలి ఎక్కువ ఇచ్చేవాళ్లు? ఇంట్లో ఏది చెడిపోతే మీరే బాగుచేసేవాళ్లు? ఆడవాళ్ల దగ్గర ఇంకొంచెం తవ్వాలి. “ఇంట్లోనే ఉండేదాన్ని” అన్నావిడ డ్వాక్రా సంఘంలో ఆరేళ్లు లెక్కలు రాసి ఉండొచ్చు, చీటీలు నడిపి ఉండొచ్చు, పాలకేంద్రానికి పాలు పోసి ఉండొచ్చు. ప్రతి మనిషికీ ఒక పేజీ పెట్టి ఇవి రాసుకోండి: వచ్చిన పని, ఆగిపోయిన చోటు, ఆగడానికి కారణం, బయట ఉండబోయే ఊరు. కేసు వివరం ఆ పేజీలో రాయొద్దు. పేజీని జైల్లో ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

నాలుగో మెట్టు: చదువు

అక్షరం రానివారికి బాలశిక్షతో మొదలుపెడితే పెద్దవాళ్లు సిగ్గుపడతారు. వాళ్లకి రోజూ అవసరమయ్యే రాతతోనే మొదలుపెట్టండి. సొంత పేరు, ఊరి పేరు, తర్వాత కోర్టు వాయిదా తేదీ. తన వాయిదా ఎప్పుడో ఇంకొకరిని అడగకుండా తనే కాగితం మీద చదువుకున్న రోజున మనిషి కూర్చునే తీరు మారిపోతుంది, చాలామంది దగ్గర నేనది చూశాను. తర్వాత ఉత్తరం రాయడం, ఆ తర్వాత ఆయన పనిలోని మాటలు. 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం నడిపే ఉల్లాస్ కార్యక్రమంలో పరీక్ష రాసి ధ్రువపత్రం తీసుకోవచ్చు. అది మన క్లాసుకి ఒక గురి ఇస్తుంది.

ఏడో ఎనిమిదో చదివి ఆపేసినవారికి ఓపెన్ స్కూలు. తెలంగాణలో రాష్ట్ర ఓపెన్ స్కూలు సంస్థ టాస్, ఆంధ్రప్రదేశ్‌లో అపాస్, దేశమంతటికీ జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్. పదోతరగతికి పాత టీసీ లేకపోయినా చేరే వీలుంది, వయసు ధ్రువీకరణ మాత్రం కావాలి. నాకు ఓపెన్ స్కూలు ఎందుకు నచ్చుతుందంటే, ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా పాస్ కావొచ్చు, పాసైంది ఎక్కడికీ పోదు. ఎన్‌ఐఓఎస్ నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. లోపల రెండు సబ్జెక్టులు రాసి బెయిల్ మీద వెళ్లిన కుర్రాడు మిగతావి బయట రాసుకోవచ్చు. వెళ్లేముందు అతని నమోదు నంబరు అతని దగ్గరే ఉండేలా చూడండి. నంబరు జైలు ఆఫీసు ఫైల్లోనే ఉండిపోయి, మళ్లీ మొదట్నించీ ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఇంటర్ పూర్తయినవారికి ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఉంది. జైల్లో ఉన్నవారికి ఫీజు మినహాయింపు ఇస్తుంది. తెలంగాణలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఉంది. 1982లో మొదలైన ఈ విశ్వవిద్యాలయానికి జైళ్లలోనూ అధ్యయన కేంద్రాలున్నాయి. డిగ్రీ అనగానే అందరూ బీఏ వైపు పోతారు. కానీ పదేళ్ల తర్వాత బయటికొచ్చే మనిషికి ఆ బీఏతో ఉద్యోగం వస్తుందని చెప్పొద్దు. ఆలోచనకీ, ఆత్మగౌరవానికీ, పిల్లల దగ్గర నిలబడటానికీ డిగ్రీ గొప్పది. కూడు పెట్టేది పక్కన ఇంకొకటి ఉండాలి. ఈ రెండూ విడదీసి చెప్తే వాళ్లు బాగానే అర్థం చేసుకుంటారు.

ఏ ధ్రువపత్రమైనా వచ్చేముందు ఒక్కమాట అడిగి తేల్చుకోండి: దానిమీద జైలు పేరుగానీ జైలు చిరునామాగానీ పడుతుందా? శిక్షణ ఇచ్చే సంస్థ పేరు, బోర్డు పేరు ఉంటే చాలు. ఇంటి చిరునామా వాడేలా దరఖాస్తులోనే చూసుకోండి. ముద్ర పడ్డాక దిద్దించడం పెద్ద తిప్పలు.

ఐదో మెట్టు: జైలు పనిని బయటి పనిగా మార్చడం

సెంట్రల్ జైళ్లలో మగ్గం, వడ్రంగం, బేకరీ, సబ్బులు, ఫినాయిల్, ఉక్కు సామాను తయారీ, తోటపని లాంటివి నడుస్తాయి. తెలంగాణ జైళ్ల శాఖ తన సరుకుల్ని “మై నేషన్” పేరుతో అమ్ముతుంది, ఖైదీలతో పెట్రోల్ బంకులు నడుపుతుంది. చర్లపల్లిలో, అనంతపురంలో ఓపెన్ ఎయిర్ జైళ్లున్నాయి (కాపలా తక్కువగా ఉండే బహిరంగ జైళ్లు). అక్కడ సాగు పని.

ఖైదీకి పని ఎంచుకునే వీలున్నప్పుడు నేను అడిగేది ఇదే: లోపలున్న యంత్రం మీ ఊళ్లో ఉందా? సిరిసిల్ల మనిషి మగ్గం ఫ్యాక్టరీలో చేరితే బయటకెళ్లాక ఆ చెయ్యి ఖాళీగా ఉండదు. మన్యం నుంచి వచ్చిన మనిషికి పెద్ద బేకరీ పొయ్యి మీద నాలుగేళ్ల అనుభవం ఉన్నా ఊళ్లో ఆ పొయ్యి లేదు. ఆయనకి వడ్రంగం, తాపీ, కుట్టు, తేనె, నర్సరీ ఎక్కువ ఉపయోగం. బేకరీయే ఇష్టమైతే, పట్నానికి మారే ఉద్దేశం ఉందా అని అప్పుడే మాట్లాడుకోవాలి.

పని నేర్చుకుంటున్న ప్రతి మనిషిచేతా ఒక పని పుస్తకం రాయించండి. ఈ వారం ఏం చేశాను, ఏ కొలతతో, ఎన్ని, ఏది పాడైంది, ఎందుకు పాడైంది. బయట షాపు యజమాని అనుభవం ఎంత అని అడిగినప్పుడు “మూడేళ్లు” అంటే నమ్మడు. “రోజుకి ఇన్ని తలుపులకి ఫ్రేములు కోసేవాణ్ణి, టేకుకి ఇంత వేస్టేజీ వస్తది” అంటే నమ్ముతాడు.

ఇంకో సంగతి. లోపల ఎవరికి ఏ పని ఇస్తున్నారో గమనించండి. వంట ఒక కులానికి, పాకీపని ఇంకో కులానికి అని పంచే జైలు మాన్యువల్ నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడే ఉండకూడదంది. తరతరాలుగా చీపురు పట్టిన ఇంటి కుర్రాడికి జైల్లోనూ చీపురే ఇస్తే, అతను బయటికి తీసుకెళ్లే కొత్త పని ఏముంటుంది? శిక్షణ జాబితా రాసేటప్పుడు అతని పేరు ఎలక్ట్రికల్ బ్యాచ్‌లో ఉందో లేదో మీరే చూడాలి.

మహిళా జైలులో శిక్షణ అనగానే కుట్టుమిషన్, అప్పడాలు, బ్యూటీ పార్లర్ దగ్గరే ఆగిపోతున్నాం. చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోల్ బంకును మహిళలే నడిపి చూపించారు. లెక్కలు వచ్చినావిడకి కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ నేర్పితే ఎందుకు కాదు? తల్లితోపాటు ఆరేళ్ల వరకు పిల్లలు జైల్లో ఉండొచ్చు. పిల్ల నిద్రపోయే వేళ తెలుసుకుని క్లాసు పెట్టండి. ఆడవాళ్లకి ములాఖత్‌కి వచ్చేవాళ్లు తక్కువ, కొందరికి అసలు ఎవరూ రారు. విడుదలయ్యాక ఎక్కడుండాలన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికాకే ఉద్యోగం మాట.

ఆరో మెట్టు: కాగితాలు

బయటకొచ్చిన మనిషిని ముందుగా దెబ్బతీసేవి ఇవే. సిమ్ మూడు నెలలు వాడకపోతే ఆగిపోతుంది, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఆధార్‌కి, బ్యాంకు ఖాతాకి ముడిపడిన నంబరు అదే కాబట్టి ఓటీపీ ఎవరికో పోతుంది. ఇంట్లోవాళ్లని ఆ సిమ్‌కి అప్పుడప్పుడూ రీఛార్జి చేస్తూ, వాడుతూ ఉండమని మొదటి ములాఖత్‌లోనే చెప్పించండి. అందరికంటే ముందు నేను చెప్పే సలహా ఇదే.

బ్యాంకు ఖాతాలో రెండేళ్లపాటు లావాదేవీ లేకపోతే అది నిద్రాణమవుతుంది. డబ్బు పోదు, కేవైసీ ఇచ్చి మళ్లీ తెరిపించుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు సంగతి ఇంకా జాగ్రత్త. గడువు తీరిన ఏడాదిలోపు రెన్యువల్ చేయించుకోకపోతే మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే. లోపలున్నవారిలో డ్రైవర్లు చాలామంది. తేదీ ఎప్పుడో అడిగి ఆయన పేజీ మీద పెద్దగా రాసుకోండి. రేషన్ కార్డులోంచి పేరు తీసేశారేమో, పదోతరగతి మెమో ఎక్కడుందో ఇంటివాళ్లచేత వెతికించండి. ఆధార్ లేనివారి కోసం జైల్లోనే నమోదు శిబిరం పెట్టించమని న్యాయ సేవాధికార సంస్థని అడగొచ్చు.

ఏడో మెట్టు: “ఇన్నాళ్లు ఎక్కడున్నావు?”

ఈ ప్రశ్న ప్రతి షాపులో, ప్రతి ఇంటర్వ్యూలో వస్తుంది. జవాబు లోపలే సాధన చేయించాలి. నేను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని యజమానిగా, ఒకరిని పనికోసం వచ్చినవాడిగా మాట్లాడిస్తాను. మొదట్లో నవ్వుతారు, తర్వాత ఒకళ్లిద్దరికి కళ్లనీళ్లొస్తాయి. నాలుగోసారికి గొంతు స్థిరపడుతుంది. రెండు మాటలు చాలు: “ఒక కేసులో జైలుకి వెళ్లాను, అది పూర్తయింది. అక్కడ మూడేళ్లు వడ్రంగం చేశాను, పని చూపిస్తాను, ఒక రోజు పెట్టి చూడండి.” కేసు కథంతా చెప్పడం మొదలుపెడితే ఎదుటివాడికి పని సంగతి గుర్తుండదు.

అబద్ధం మాత్రం చెప్పనివ్వొద్దు, ముఖ్యంగా రాతపూర్వకంగా. ప్రభుత్వోద్యోగాల ధ్రువీకరణ పత్రంలో కేసుల గురించి అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనిమీద వివరంగా చెప్పింది. అక్కడ ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. దాచిపెడితే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, కానీ కేసు తీవ్రతని, ఫలితాన్ని చూసి నిర్ణయించాలి. కేసు కొట్టేసినవాళ్లు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని జాగ్రత్తపెట్టుకోవాలి. “కొట్టేశారుగా, ఇంక కాగితమెందుకు” అని వదిలేస్తారు, ఐదేళ్ల తర్వాత అవసరం పడుతుంది. జైలుకి బదులు ప్రొబేషన్ మీద (సత్ప్రవర్తన షరతుతో) వదిలిన కేసుల్లో, 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు. చిన్నప్పుడు జువెనైల్ బోర్డు ముందుకి వెళ్లినవారికీ జువెనైల్ జస్టిస్ చట్టంలో అలాంటి రక్షణ ఉంది. వర్తిస్తుందో లేదో లాయరుతో చూపించుకోమనండి.

సెక్యూరిటీ గార్డు పనికి పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, క్యాబ్, డెలివరీ యాప్‌లు కూడా పూర్వాపరాలు చూస్తాయి. దొరకదని కాదు, దానిమీదే ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. గల్ఫ్ మాట తప్పకుండా వస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాలవాళ్లకి కష్టమొస్తే తట్టే మొదటి తలుపు అదే. కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే ఆ కోర్టు అనుమతి ఉండాలి. “నేను చూసుకుంటా” అనే ఏజెంటుకి డబ్బు కట్టి ఉన్న కేసుకి తోడు కొత్త కేసు తెచ్చుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఎనిమిదో మెట్టు: బయట ఒక మనిషి

విడుదలకి మూడు నెలల ముందు, బయట ఆ మనిషి కోసం నిలబడే ఒక్కరిని వెతకండి. భార్య, అక్క, పాత మేస్త్రీ, ఊరి టీచరు ఎవరైనా సరే. ఆ ఒక్కరితో ములాఖత్‌లోనో ఫోనులోనో స్పష్టంగా మాట్లాడాలి: వచ్చిన రోజు ఎక్కడ పడుకుంటాడు, మొదటి నెల తిండి ఎవరింట్లో, ఏ షాపులో అడిగి ఉంచారు. ఊళ్లోకి వెళ్లలేని పరిస్థితి ఉంటే, అవతలి పక్షంవాళ్లు అదే వీధిలో ఉంటే, వేరే ఊరు చూడటమే మంచిది. ఇది పిరికితనం కాదని మనమే నచ్చజెప్పాలి.

పెట్టుబడి సంగతి. ఆయన పేరున అప్పు వెంటనే పుట్టకపోవచ్చు. భార్య స్వయం సహాయక సంఘంలో ఉంటే ఆ దారి ఉంది. దర్జీ, వడ్రంగి, తాపీ మేస్త్రీ, క్షురకుడు, కమ్మరి లాంటి 18 వృత్తులకి పీఎం విశ్వకర్మ పథకం ఉంది. కొద్ది రోజుల శిక్షణ, రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15,000 రూపాయలు, మొదటి విడతలో లక్ష దాకా 5 శాతం వడ్డీకి రుణం. ఇంటికి ఒక్కరికే ఇస్తారు కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఎవరైనా తీసుకున్నారేమో ముందు కనుక్కోండి. పల్లెటూరి యువతకి జిల్లాల్లో లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం. మోటారు రీవైండింగ్ కూడా అక్కడ నేర్పే కోర్సుల్లో ఒకటి.

తొమ్మిదో మెట్టు: మొదటి తొంభై రోజులు, చేతికిచ్చే కవరు

మొదటి వారం పని వెతకొద్దనే చెప్తాను. ఇంట్లో ఉండటం, పిల్లలతో కూర్చోవడం, సిమ్, బ్యాంకు పనులు చూసుకోవడం. రెండో వారం నుంచి దొరికిన కూలికి వెళ్లడం, అది నేర్చుకున్న పని కాకపోయినా సరే. చేతిలో కాసిని డబ్బులుంటే పాత స్నేహాల పిలుపుకి “రాను” అనడం సులువవుతుంది. నెల దాటాక అసలు పని. బెయిల్ మీద ఉన్నవారికి వాయిదాలుంటాయి, కొందరు స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. చేరేముందే యజమానికి “నెలలో ఈ రోజు సెలవు కావాలి” అని చెప్పాలి. చెప్పకుండా మానేస్తే పని పోతుంది, పని కోసం వాయిదా మానేస్తే వారంటు వస్తుంది. మూడో నెల చివర మీరొకసారి ఫోన్ చేయండి. తప్పటడుగు పడి మళ్లీ లోపలికి వచ్చినా మొహం తిప్పుకోవద్దు. ఆ పాత పేజీ తీసి, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

వెళ్లే రోజు కోసం ప్రతి మనిషికీ ఒక గట్టి కవరు ముందే తయారుచేసి, జైలు ఆఫీసుకి చెప్పి, వాళ్ల అనుమతితో ఇప్పిస్తాను. అందులో ఆధార్ జిరాక్సులు ఐదు, ఓపెన్ స్కూలు నమోదు నంబరు, ధ్రువపత్రాల నకళ్లు, వచ్చే వాయిదా తేదీ, కోర్టు పేరు, న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు ఉంటాయి. బయట నిలబడే ఆ ఒక్క మనిషి నంబరు పెద్ద అంకెల్లో ఉంటుంది. లోపలికొచ్చిన నాటి ఫోను ఛార్జింగ్ లేకో పాడయ్యో ఉంటుంది, నంబర్లు ఎవరికీ నోటికి ఉండవు.

వైండింగ్ షాపు పెద్దాయన కవరులో వీటితోపాటు ఒక కుట్టు నోటుపుస్తకం కూడా వెళ్లింది. మొదటి పేజీలో గీతలు కొట్టి నాలుగు గడులు గీసుకున్నాడు: మోటారు, హెచ్‌పీ, గేజి, చుట్లు. అక్షరాలు వంకరే, చదవడానికి మాత్రం ఇబ్బంది లేదు. గుర్తున్న మోటార్లవి పదకొండు వరసలు నింపాడు. మిగతా పేజీలు ఖాళీగా ఉంచుకున్నాడు, షాపుకి వెళ్లాక మేస్త్రీని అడిగి రాసుకుంటానని.